అమ్మ తినని రొయ్య

"ఒకటేనా?" అన్నారు నాన్న.

తెలుగు రాని పక్క టేబుల్ వాళ్ళకి కూడా అర్థమయ్యేంత గట్టిగా అన్నారు. మా ముందున్న పళ్ళెం సైజు చూస్తే అందులో ఇద్దరికి భోజనం పెట్టేయొచ్చు. దాని మధ్యలో ఒక రొయ్య. ఒకే ఒక్క రొయ్య. చుట్టూ ఏదో పచ్చటి సాస్ చుక్కలు, పైన వేయించిన కరివేపాకు.

నాన్న ఫోర్కు ముట్టుకోలేదు. కాసేపు దాన్ని చూసి, "ముప్పై కౌంట్" అన్నారు.

రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో పుట్టని వాళ్ళకి ఈ కౌంట్ లెక్క చెప్పాలి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. వంద కౌంట్ అంటే చిన్నవి, కిలోకి వంద. ముప్పై కౌంట్ అంటే పెద్దవి, ఒక్కోటి 33 గ్రాముల దాకా ఉంటుంది. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ముప్పై కౌంట్ దాకా చెరువుని లాక్కొచ్చిన రైతు గట్టు మీద కాలర్ ఎగరేసుకుని తిరుగుతాడు.

"మన గట్టు మీద ఇది పన్నెండు, పదమూడు రూపాయలు పలుకుద్దిరా" అని లెక్క చెప్పి, నా వైపు చూశారు. బిల్లు ఎంత అవుతుందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి గురించి రాద్దామని మొదలుపెట్టినప్పుడు ఇదొక సరదా కథ అవుతుందనుకున్నాను. కోనసీమ రైతు ఖరీదైన రెస్టారెంట్‌కి వెళ్తే ఏమవుతుంది టైపు. రీల్ చేస్తే బాగా ఆడేది కూడా. కానీ ఆ రొయ్య దగ్గర కథ వేరే దారి పట్టింది.

* * *

మాది ఐనవిల్లి. అవును, సిద్ధివినాయకుడి గుడి ఉన్న ఐనవిల్లే. స్వామి దగ్గర లక్ష పెన్నులు పెట్టి పూజ చేసి, పరీక్షల ముందు పిల్లలకి పంచుతారే, అదే ఊరు. ఆ పెన్నుతోనే పది రాశాను, ఇంటర్ రాశాను. తర్వాత ఇంజనీరింగ్. ఇప్పుడు చెన్నై ఓఎంఆర్‌లో ఒక కంపెనీలో కోడ్ రాస్తున్నాను. పెన్ను పట్టుకుని చాలా కాలమైంది.

2025 ఆగస్టుకి అమ్మానాన్నల పెళ్ళయి 30 ఏళ్ళు నిండాయి. చీర, వాచీ లాంటివి ఎప్పుడూ ఉండేవే. ఈసారి ఇద్దరినీ చెన్నై రప్పించి, జీవితంలో ఎప్పుడూ వెళ్ళని చోటికి తీసుకెళ్ళాలనుకున్నాను. సెప్టెంబరు మొదట్లో అమలాపురంలో బస్సెక్కి, రాజమండ్రిలో సర్కారు ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వచ్చారు. అమ్మ సంచిలో నాలుగు కొబ్బరికాయలు, ఆవకాయ, ఒక డబ్బా పూతరేకులు. చెన్నైలో కొబ్బరికాయలు దొరకవని ఆవిడ గట్టి నమ్మకం.

నేను బుక్ చేసింది గిండీలో ఐటీసీ గ్రాండ్ చోళా హోటల్లో ఉన్న ఆవర్తన. 2017లో తెరిచారు. సాంబారు, చారు, ఇడియాప్పం లాంటి మన దక్షిణాది రుచులనే తీసుకుని, చూడగానే పోల్చుకోలేని రూపంలోకి మార్చి పెడతారు. ఆసియాలో ఉత్తమ 50 రెస్టారెంట్ల జాబితాలో 2023లో 30వ స్థానం వచ్చింది. అక్కడ మెనూ చూసి ఇది కావాలి, అది కావాలి అని చెప్పడం ఉండదు. వరసగా చిన్న చిన్న వంటకాలు వస్తూ ఉంటాయి. సముద్రపు రుచులతో ఒక మెనూ ఉంటుంది, దాని పేరు తార. చేపలూ రొయ్యలూ అనగానే నా వేలు దాని మీదే ఆగింది.

బుకింగ్ చేసేటప్పుడు ఎవరికైనా ఏదైనా పడదా అని అడిగారు. మా అమ్మకి రొయ్యలు పడవు అని చెప్పాను. చిన్నప్పుడు అమ్మ తినేదో లేదో నాకు గుర్తు లేదు. నాకు తెలిసినంతలో అమ్మ రొయ్యలు వండుతుంది, తినదు. మామిడికాయ రొయ్యలు, చింతచిగురు రొయ్యలు, గోంగూర రొయ్యలు, అన్నీ ఆవిడ చేతి నుంచే వస్తాయి. ఉప్పు చూడమని నన్నో నాన్ననో పిలుస్తుంది. మాకు వడ్డించి, తను పప్పుతోనో పచ్చడితోనో కానిచ్చేస్తుంది. "నాకు పడవురా" అనేది. అలర్జీ అని నేను ఫిక్సయిపోయాను. ఆఫీసులో ఎవరికో వేరుశనగ పడదంటే ఎలా గుర్తుపెట్టుకుంటానో, అమ్మ సంగతీ అలాగే గుర్తుపెట్టుకున్నాను.

* * *

మొదట వచ్చింది చారు. ఇది ఆ రెస్టారెంట్‌కి బాగా పేరు తెచ్చిన వంటకం. టమోటా రసాన్ని ఆవిరి పట్టి దింపుతారట. అందుకే ఎరుపుండదు, మంచినీళ్ళలా ఉంటుంది. కాఫీ వడకట్టే గాజు పాత్రలో కొత్తిమీర లాంటి ఆకులు వేసి, వాటి మీదుగా ఆ చారుని దింపి గ్లాసులో పోస్తారు.

"చారుకి రంగేదిరా?" అన్నారు నాన్న.

"తాగండి ముందు."

ఒక గుటక వేశారు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఓర్నీ... చారే!"

అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని తాగింది. "మిరియం ఉంది, జీలకర్ర ఉంది, ఇంగువ కూడా వేశాడు" అని ఒక్కోటీ లెక్కపెట్టింది. మాకు వడ్డిస్తున్న కుర్రాడిది నెల్లూరు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని అతనూ తెలుగులోకి దిగాడు. ఆ తర్వాత అమ్మ అతన్ని వదల్లేదు. ఆవిరి ఎలా పడతారు, ఎంతసేపు పడతారు, ఇంట్లో కుక్కర్‌తో అవుతుందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. అతను ఓపిగ్గా చెప్పాడు. కుక్కర్‌తో కాదన్నాడు.

వంటకానికీ వంటకానికీ మధ్య కొంచెం టైమ్ ఉంటుంది. ఆ ఖాళీలో నాకు తెలిసిన గొప్పలన్నీ చెప్పడం మొదలుపెట్టాను. వెళ్ళే ముందు వారం రోజులు యూట్యూబ్‌లో ఇదే పని మరి. ఆస్ట్రేలియాలో సిడ్నీలో జోష్ నీలండ్ అని ఒక షెఫ్ ఉన్నాడు. 2016లో సెయింట్ పీటర్ అనే రెస్టారెంట్ పెట్టాడు. చేపలో తల, కాలేయం, కళ్ళు, జన, పారేసేది ఏదీ ఉండకూడదని అతని పట్టుదల. ప్రపంచమంతా అది చూసి ఆశ్చర్యపోయింది.

"ఇందులో ఆశ్చర్యం ఏవుంది? తలకాయ పులుసు పారేస్తావా? జన వేపుడు పారేస్తావా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత స్పెయిన్ గురించి చెప్పాను. అక్కడ కాదిజ్ అఖాతం ఒడ్డున ఆపోనియెంతే అని ఒక రెస్టారెంట్. సముద్రం పోటు నీళ్ళతో తిరిగేలా 1815లో కట్టిన పాత పిండిమరలో నడుస్తుంది. మూడు మిషలిన్ స్టార్లు. ఆంహెల్ లియోన్ అనే షెఫ్‌ది. జాలరులు వలలోంచి ఏరి పారేసే చేపలతో సాసేజీలు చేశాడు, కంటికి కనపడని ప్లాంక్టన్‌ని వంటలో వాడాడు. చుట్టూ ఉప్పు చిత్తడి నేలలు. ఆ ఉప్పు నీళ్ళలో పెరిగే ఒక సముద్రపు గడ్డి ఉంది. దానికి గింజలు వస్తాయి. వాటిని బియ్యంలా వండొచ్చని చూపించి, అదే నీళ్ళలో పంటలా పండించడం మొదలుపెట్టాడు. మంచినీళ్ళు అక్కర్లేదు, ఎరువులు అక్కర్లేదు.

అప్పటిదాకా సగం వింటున్న నాన్న ఒక్కసారి ముందుకి వంగారు.

"ఉప్పు నీళ్ళలో బియ్యమా?"

"బియ్యం లాంటి గింజ నాన్నా."

"ఎకరానికి ఎంత?"

నవ్వొచ్చింది నాకు. నాన్న నవ్వలేదు. అమ్మ కిటికీ వైపు చూస్తోంది. అప్పుడు నాకేం తట్టలేదు.

* * *

రొయ్య వచ్చింది ఆ తర్వాతే.

అమ్మకి వేరే ప్లేటు పెట్టే ముందు ఆ కుర్రాడు వంగి మెల్లగా అడిగాడు. "అమ్మా, మీకు రొయ్యలు పడవని రాసుంది. అసలు వాసన కూడా పడదా, తింటేనే ఇబ్బందా? ఎందుకంటే రొయ్య తగిలిన గరిటె కూడా మీ ప్లేటు దగ్గరికి రాకుండా చూస్తున్నారు లోపల. ఇంతకు ముందు ఎప్పుడైనా ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చిందా?"

ఇలాంటి చోట్ల ఆ జాగ్రత్త నిజంగా ఉంటుంది. రొయ్య, పీత పడని వాళ్ళకి చిన్న ముక్క కూడా ప్రాణం మీదికి తేవచ్చు. కానీ తన వల్ల లోపల ఎవరో గరిటెలు మార్చుకుంటున్నారని తెలిసి అమ్మ కంగారుపడిపోయింది.

"అయ్యో, అదేం లేదు బాబూ. అంత శ్రమ పడకండి. పడకపోవడం కాదు. తినను, అంతే."

అతను సరేనమ్మా అని వెళ్ళిపోయాడు.

"తినవా? పడవని కదా అనేదానివి?" అన్నాను.

అమ్మ నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది. నాన్న వైపు చూడకుండా నాతోనే చెప్పింది.

"మా అన్నయ్య చేలో ఉప్పు పేరిన ఏడాది మానేశానురా."

* * *

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. నేనూ స్కూల్లోనే ఉన్నాను. పెట్టుబడికీ గిట్టుబాటుకీ పొంతన లేక, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతూ, కూలీలు దొరక్క, అసలు వరి వెయ్యమని పొలాలు వదిలేశారు. అన్నపూర్ణ అని పిలిచే గోదావరి డెల్టాలో నాట్లు పడలేదు. దేశమంతా పేపర్లలో వచ్చింది.

సరిగ్గా అదే టైమ్‌లో వనామీ ఊపందుకుంది. ఈ రొయ్య మనది కాదు. పసిఫిక్ తీరంలో, లాటిన్ అమెరికా వైపు పుట్టింది. అంతకు ముందు మన దగ్గర టైగర్ రొయ్య ఉండేది. 90ల్లో వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులకి చెరువులు ఖాళీ అయ్యాయి. 2009లో వనామీ సాగుకి కేంద్రం అనుమతి ఇచ్చింది. మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చే పంట. వరిలో ఏళ్ళ తరబడి చూడని డబ్బు ఒక్క పట్టుబడిలో కనపడేది.

అమ్మకి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర ఉప్పలగుప్తం మండలంలో ఉంది, అమ్మ పుట్టింటి దగ్గర. సముద్రం అక్కడికి దూరం కాదు. పక్కనే మావయ్య చేను. ఇద్దరికీ మధ్య ఒక గట్టు, ఒక బోదె. 2013లో నాన్న ఆ ఎకరంన్నరా చెరువు తవ్వించారు. అనుమతి కాగితాలు ఉన్నాయా అని నేను ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు ఇచ్చిందని, ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకి ప్రత్యేక చట్టం వచ్చిందని ఈ మధ్య చదివాను. గూగుల్ నా చేతిలో పదేళ్ళుగా ఉంది. వెతకలేదు, అంతే.

వెతక్కపోవడానికి కారణం ఉంది. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ చెరువే కట్టింది. హాస్టల్, ల్యాప్‌టాప్, ఫైనలియర్‌లో ఇంటర్వ్యూకి కొన్న షర్టు, అన్నీ రొయ్యలే. సెమిస్టర్ ఫీజు డేట్ దగ్గర పడితే నాన్న చెరువు పట్టేవారు. కౌంట్ ఇంకా రాకపోయినా పట్టేవారు.

చెరువులో ఉప్పు నీరు ఉంటే అది చెరువులోనే ఉండదు. గట్టు ఎంత గట్టిగా కట్టినా అడుగు నుంచి పక్క చేలోకి ఊరుతుంది. పట్టుబడి రోజు వదిలిన నీళ్ళు బోదెలోకి పోతాయి. అదే బోదె పక్క రైతుకి నీరు పెట్టేది. రెండు మూడేళ్ళు ఏమీ తెలియదు. తర్వాత నారు ఎర్రబడుతుంది, దుబ్బు కట్టదు. ఎండాకాలం చేను ఆరాక నేల మీద తెల్లటి పొర తేలుతుంది. 2018లో మావయ్య చేలో అది తేలింది.

మావయ్య వచ్చి నాన్నతో మాట్లాడారట. ఈ ఒక్క పంట చూసి ఆపేస్తానన్నారట నాన్న. అప్పు ఉంది, నాకింకా ఒక సంవత్సరం చదువు ఉంది. ఆ ఒక్క పంట తర్వాత ఇంకొకటి, దాని తర్వాత ఇంకొకటి. మాటలు పెరిగాయి. తర్వాత మాటలే లేవు. అమ్మ పుట్టింటికి వెళ్ళడం మానేసింది. 2021లో అమ్మమ్మ పోయినప్పుడు వెళ్ళి, పొద్దుపోయేసరికి తిరిగొచ్చేసింది. "బస్సు దొరకదని" అని చెప్పింది. అది కూడా నమ్మాను నేను.

నా ఉద్యోగమే లాగ్స్ చదవడం. సర్వర్‌లో ఎక్కడో రాత్రి రెండింటికి ఒక ఎర్రర్ వస్తే పొద్దున్నకల్లా పట్టుకుంటాను. మా ఇంట్లో ఏడేళ్ళుగా అమ్మ కంచంలో ఒక కూర తక్కువగా ఉంటోంది. పట్టుకోలేదు.

* * *

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు నాన్న. చాలాసేపటికి.

"ఏం చెప్పమంటారు? నా పొలమే కదా తవ్వింది. నా కొడుకు ఫీజే కదా కట్టింది. ఆపండి అని ఏ నోటితో అనను?" అంది అమ్మ. ఏడవలేదు. కూరలో ఉప్పు ఎక్కువైంది అన్నంత మామూలుగా చెప్పింది. "మా వదిన ఫోన్‌లో ఒకసారంది. మీ వాడికి ఇంజనీరింగ్ వచ్చింది, మా వాడికి చేను పోయింది అని. తప్పేం అంది? అందుకే ఇంక నోటికి పోలేదు. అంతే."

మా బావ, అంటే మావయ్య కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇప్పుడు కాకినాడలో ఒక గోడౌన్‌లో పనిచేస్తున్నాడు. వరి చేను బాగుంటే ఊళ్ళోనే ఉండేవాడని కాదు. ఏమో, వెళ్ళేవాడేమో. కానీ వెళ్తావా ఉంటావా అని వాడిని ఎవరూ అడగలేదు.

పళ్ళెంలో రొయ్య చల్లారిపోయింది. నాన్న దాన్ని తినలేదు, పక్కకీ పెట్టలేదు. నేను తిన్నాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. మెత్తగా, కొంచెం తియ్యగా ఉంది. అంత బాగుండటం ఆ నిమిషంలో నాకు నచ్చలేదు.

ప్లేట్లు తీయడానికి వచ్చిన కుర్రాడు నాన్న పళ్ళెం చూసి, "నచ్చలేదా సర్, ఇంకోటి చేయించమంటారా?" అని అడిగాడు.

"ఆయ్, బాగుందండి. కడుపు నిండిపోయింది" అన్నారు నాన్న. మా వైపు వాళ్ళం బాధలో ఉన్నా మర్యాదకి లోటు రానివ్వం.

ఆఖర్న తీపి వచ్చింది. చూడ్డానికి కోడిగుడ్డు. తెల్లసొన, మధ్యలో పచ్చసొన, కింద గూడు లాంటి సన్నటి పోగులు. తీరా తింటే సోంపు వాసన, లోపల మామిడి. ఇది కూడా వాళ్ళ దగ్గర పేరున్న వంటకమే. అమ్మ స్పూనుతో పచ్చసొన పొడిచి, "చూడండి, గుడ్డు కాదు, మావిడి పండు" అంటూ తన ప్లేటు నాన్న వైపు జరిపింది. నాన్న ఒక స్పూను తిన్నారు. ఆ రాత్రి వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నది మళ్ళీ అప్పుడే.

బిల్లు నా నెల అద్దెకి దగ్గరగా వచ్చింది. కార్డు ఇచ్చేశాను.

* * *

ఆ రాత్రి నాన్నకి నిద్ర పట్టలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను.

అప్పటికే ఆ ఏడాది చెరువు పరిస్థితి బాలేదు. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. ఆంధ్రా రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికా నుంచే. అక్కడ ఒక ఆర్డరు మీద సంతకం పడగానే ఇక్కడ గట్టు మీద రేటు పడిపోతుంది. నాన్న కౌంట్ రాకుండానే పట్టేసి, మేత బాకీ తీర్చేసి చెన్నై బండెక్కారు. నేను డిన్నర్ బుక్ చేసిన వారం ఆయన చేసిన పని అది. నాకు చెప్పలేదు. మా ఇంట్లో ఎవరం ఎవరికీ ఏమీ చెప్పుకోమని ఆ రాత్రే అర్థమైంది.

"మళ్ళీ వరి పండుద్దంటావా అందులో?" అన్నారు.

ఫోన్ తీశాను. ఈసారి వెతికాను. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు ఉప్పుని తట్టుకునే వరి రకాలు తయారుచేశారు, ఎంసీఎం అనే పేరుతో ఉంటాయి. కానీ చెరువుని మళ్ళీ చేను చేయడం ఒక్క విత్తనంతో అయ్యే పని కాదు. గట్లు కొట్టి నేల సరిచేయాలి. వానాకాలం మంచినీళ్ళు పెట్టి, నిలబెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టి ఉప్పు కడగాలి. జీలుగ వేసి కలియదున్నాలి. ఎన్నేళ్ళు పడుతుందనేది నేలని బట్టి ఉంటుంది. మురుగు పోయే దారి బాగుంటేనే ఇదంతా. ఆ డబ్బు మళ్ళీ ఎక్కడి నుంచి?

"నేనిస్తాను" అన్నాను.

"నీది తీసుకోడానికి కాదురా అడిగింది."

"నాది కాదు నాన్నా. ఆ చెరువుదే."

ఆయన ఏమీ అనలేదు. సరే అనలేదు, వద్దనీ అనలేదు. "ముందు మీ మావయ్య చేను కడగాలి, మనది తర్వాత" అన్నారు కాసేపాగి. "వాడు గుమ్మంలోకి రానిస్తే."

* * *

రెండు నెలలు ఏమీ జరగలేదు. సినిమాలో అయితే మరుసటి సీన్‌లో నాన్న వెళ్ళి మావయ్యని కౌగిలించుకునేవారు. మా నాన్న వెళ్ళలేదు. ఐనవిల్లి నుంచి ఉప్పలగుప్తం పెద్ద దూరమేమీ కాదు. కానీ ఏడేళ్ళు మాట్లాడని మనిషి దగ్గరికి ఏం పట్టుకుని వెళ్తారు? నేను కూడా ఫోన్లో "ఏమైంది నాన్నా" అని అడగడం, ఆయన "చూద్దాంరా" అనడం, అంతే.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమ మీదుగానే వెళ్ళింది. మా ఊళ్ళో కరెంటు సాయంత్రమే పోయింది. నేను చెన్నైలో ల్యాప్‌టాప్ ముందు తుపాను మ్యాపు రీఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. రాత్రి పదకొండింటికి అమ్మకి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే ఎంగేజ్. అరగంట అలాగే. నాకు చెమటలు పట్టాయి. తుపాను రాత్రి ఎవరితో ఇంతసేపు?

చివరికి తీసింది.

"ఎవరితో అమ్మా?"

"అన్నయ్యతో."

వెనకాల గాలి హోరు వినిపిస్తోంది. పెరట్లో కొబ్బరి మట్టలు విరిగి పడుతున్న చప్పుడు.

"వాళ్ళు సముద్రానికి ఇంకా దగ్గర కదరా. ఉండబట్టలేక చేశాను. వంటింటి మీద రేకులు లేచిపోయాయంట. మనుషులు బాగానే ఉన్నారు" అంది. తర్వాత, "మీ నాన్న కూడా మాట్లాడారు" అంది.

"ఏమన్నారు?"

"ఇంటి చుట్టూ నీళ్ళెంత ఉన్నాయని అడిగారు. ఆయన మోకాలు లోతన్నాడు. అంతే."

నా స్నేహితులెవరికైనా చెబితే ఇందులో ఏముందంటారు. ఏడేళ్ళ తర్వాత ఇద్దరు మగవాళ్ళు నీళ్ళ లోతు గురించి మాట్లాడుకున్నారు. మా కోనసీమలో అది చాలా పెద్ద మాట.

* * *

కార్తీకమాసం వెళ్ళాక అమ్మ పుట్టింటికి వెళ్ళింది. నాన్న దింపి, గుమ్మం దాకా వెళ్ళి, కాఫీ తాగి, చేను చూసొస్తానని మావయ్యతో కలిసి వెళ్ళారట. రెండు చేల మధ్య గట్టు మీద ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారట. ఏం మాట్లాడుకున్నారో అమ్మకి తెలియదు. వచ్చే వేసవిలో చెరువు లీజుకి ఇవ్వకూడదని, సీడు వేయకూడదని మాత్రం తేలింది. బోదె పూడిక తీయించడానికి నేను కొంత పంపాను. మావయ్య సగం తనే పెట్టుకుంటానన్నారు. వద్దంటే ఊరుకోరని నాన్న ఒప్పుకున్నారు. చేను ఎప్పటికి మామూలవుతుందో, అసలు అవుతుందో, ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. బావ ఊరికి తిరిగి రాడు, ఆ సంగతి అందరికీ తెలుసు.

నన్ను ఈ మధ్య ఆఫీసులో ఒకరు అడిగారు, ఆ రెస్టారెంట్ అంత డబ్బు పెట్టేంత బాగుంటుందా అని. బాగుంటుందనే చెప్పాను. ఆ చారు కోసమైనా వెళ్ళొచ్చు. కానీ ఇప్పుడు ఎక్కడ రొయ్య తిన్నా అది ఏ చెరువుది, ఆ చెరువు పక్కన ఎవరి చేను ఉంది అనే ప్రశ్న వస్తుంది. జవాబు దొరకదు. తినడం మానలేదు, ప్రశ్నా మానలేదు.

పుట్టింట్లో ఉన్న రోజు అమ్మ వీడియో కాల్ చేసింది. అత్తయ్య వెనక పొయ్యి దగ్గర కనపడుతోంది. వంటింటికి కొత్త రేకులు వేశారు, ఇంకా మెరుస్తున్నాయి.

"ఏం వండిందమ్మా అత్తయ్య?" అన్నాను. కావాలనే అడిగాను.

"చిక్కుడుకాయ" అంది అమ్మ. "నీకేం కావాలో చెప్పమంటోంది, పండక్కి వస్తే వండుతుందంట."

నేను ఏం చెప్పాలో తెలియక, అదే చాలు అన్నాను.